చేతికి ఉల్మ్‌ది, కాళ్లకు పాలమూరుది: సిమ్యులేటర్ ప్రాజెక్టు డైరీ

జనవరి 2025, చివరి వారం

ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడిపే సిమ్యులేటర్ కట్టుకుంటున్నా, దాని టేబుల్ పని అయిపోయింది. మహబూబ్‌నగర్‌లోనే 18 ఎంఎం ప్లైవుడ్ షీటు కోయించి, కింద స్క్వేర్ పైపు ఫ్రేము కొట్టించా. మానిటర్ కళ్లకు సూటిగా వచ్చేదాకా కాళ్లు రెండుసార్లు కోయాల్సి వచ్చింది. కూర్చునే సీటు స్క్రాపులో దొరికిన వ్యాన్ సీటు, కింద రైలుతో సహా. ఇక మిగిలింది అసలైనవి: చేతికి స్టిక్ (విమానాన్ని లేపే, వంచే కడ్డీ), థ్రాటిల్ (ఇంజన్ బలం పెంచే, తగ్గించే మీట), కాళ్లకు రడర్ పెడల్స్ (తోకలోని చుక్కానిని తిప్పేవి).

ఇప్పుడున్న జాయ్‌స్టిక్ పాతది. పిడిని కుడికీ ఎడమకీ మెలితిప్పితే రడర్ కదలాలి. ఇప్పుడు మనం ముట్టకపోయినా అదే కదులుతోంది. రన్‌వే మీద సెస్నా, అంటే సిమ్యులేటర్‌లోని చిన్న విమానం, నిలకడగా పోదు. మా మేనకోడలు ఒకసారి కూర్చుని లేచిపోయింది. "మామా, ఎవరో తాగి నడుపుతున్నట్టుంది" అంది. ఇంటర్ ఎంపీసీ, సెకండియర్. పైలట్ కావాలని ఉంది కానీ ఆ మాట ఇంట్లో గట్టిగా అనదు.

విప్పి చూశా. మెలితిప్పే ఇరుసు కింద ఉన్నది పొటెన్షియోమీటర్. కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది, అది ఎక్కడ ఆగిందో దాన్నిబట్టి కరెంటు రీడింగు మారుతుంది. పాత రేడియోలో వాల్యూం తిప్పితే గరగరమనేది ఇదే భాగం. ఎక్కువసేపు ఉండేది మధ్యలోనే కాబట్టి అరిగేది కూడా మధ్యలోనే. కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదలు.

దీనికి మందు హాల్ సెన్సర్. అయస్కాంతం కదులుతుంది, సెన్సర్ దూరం నుంచే దాని బలాన్ని చదువుతుంది. రెండూ తాకవు కాబట్టి అరగడమనే మాటే లేదు. ఫ్యాక్టరీలో మేం వాడే ప్రాక్సిమిటీ స్విచ్చుల్లో ఇలాంటివి రోజూ చూస్తూనే ఉంటాను, అందుకే నాకు దీనిమీద నమ్మకం. కొంటే అదే కొనాలి.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో అడిగితే కారు రేసు ఆటల స్టీరింగులు చూపించారు. ఫ్లైట్ సామాను ఆర్డర్ మీద తెప్పిస్తారట, చూసి కొనడం కుదరదు. ఆన్‌లైన్‌లో ఉన్నవి రెండు మూడు రకాలు. చేత్తో పట్టుకోకుండా అంత డబ్బు పెట్టడం నాకు మింగుడు పడలేదు.

ఫిబ్రవరి

మాది జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల ఫ్యాక్టరీ, నేను ప్యాకింగ్ సెక్షన్ మెయింటెనెన్స్. టాబ్లెట్లను స్ట్రిప్పుల్లో ప్యాక్ చేసే కొత్త బ్లిస్టర్ మిషన్ వస్తోంది, దాని ఫ్యాట్‌కు (ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్ట్) జర్మనీలోని ఉల్మ్‌కు పోవాలన్నారు. తెలియనివాళ్లకు చెప్పాలంటే, మిషన్‌ను ఓడ ఎక్కించకముందే తయారుచేసిన చోటికి పోయి, మన టాబ్లెట్లు, మన ఫాయిల్ పెట్టి నడిపించి, ఒక్కో లైను టిక్కు పెట్టి, సంతకం చేసి రావడం. ఇక్కడికి వచ్చాక "ఇది ఇట్లా లేదే" అంటే వినేవాడుండడు.

జాయ్‌స్టిక్‌కు కూడా అదే పద్ధతి పెడదామనుకున్నా. ఇంటికి తెచ్చాక పాడని తేలితే ఏం చేస్తాం? యూరప్‌లో కొన్న వస్తువుకు చట్టప్రకారం రెండేళ్ల గ్యారంటీ ఉంటుంది, కానీ అది అమ్మినవాడి దగ్గర. పాలమూరు నుంచి ఉల్మ్‌కు పార్సిల్ ఖర్చు పెట్టుకుంటే గ్యారంటీతో పనేముంది.

ముందుగా తేల్చుకోవాల్సింది, స్టిక్కా యోకా. సెస్నా 172లో ఉండేది యోక్, రెండు చేతులతో పట్టుకుని ముందుకు తోసి వెనక్కి లాగేది. శంషాబాద్‌లో రోజంతా దిగే ఎయిర్‌బస్ ఏ320లో పక్కన చిన్న స్టిక్. యోక్ చూడటానికి దర్జాగా ఉంటుంది. కానీ టేబుల్ అంచుకు బిగించేది కాబట్టి పెట్టె పెద్దది, బరువు, ధర స్టిక్‌కు రెండింతల పైమాటే. స్టిక్‌తో సెస్నా నడపొచ్చు, ఎయిర్‌బస్ నడపొచ్చు, యుద్ధ విమానం కూడా నడపొచ్చు. యోక్‌తో యుద్ధ విమానం నడపడం నాకు మనసొప్పదు. షాపులో యోక్ కనిపిస్తే పట్టుకుని చూస్తా, కొనేది మాత్రం స్టిక్కే.

లెక్కలు కూడా రాసుకున్నా. జర్మనీలో చాలా వస్తువుల ధరలోనే 19 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది. అంటే 119 యూరోల బిల్లులో 19 పన్ను. యూరప్ యూనియన్ బయటివాళ్లు 50 యూరోలు దాటి కొని, మూడు నెలల్లో తమతో పట్టుకుపోతే ఆ పన్ను వాపసు వస్తుంది. షాపులోనే పాస్‌పోర్టు చూపించి ఫారం రాయించుకోవాలి, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి. మధ్యలో ఉన్న కంపెనీ తన కమిషన్ తీసుకుంటుంది కాబట్టి మొత్తం చేతికి రాదు. ఇటువైపు మన కస్టమ్స్‌లో అప్పటికి (2025లో) అమల్లో ఉన్న 2016 బ్యాగేజ్ రూల్స్ ప్రకారం 50,000 రూపాయల దాకా సుంకం ఉండేది కాదు. దాటితే దాటినదాని మీద 38.5 శాతం పడేది. మనం ఆ గీత దగ్గరికి కూడా పోము.

వీకేబీ, వర్పిల్ లాంటి కంపెనీల స్టిక్కులు ఇంకా మేలని సిమ్యులేటర్ ఆడేవాళ్లు చెబుతారు, నిజమే కావచ్చు. కానీ అవి ఆన్‌లైన్‌లో తెప్పించుకునే సరుకు. హోటల్ అడ్రసుకు పెడితే మనం ఉండగా వస్తుందో, పోయాక వస్తుందో అన్న టెన్షన్. ఫ్యాట్ ముగిసిన రోజే బయలుదేరాలి. షాపులో దొరికిందే ఖాయం.

మార్చి, ఉల్మ్

ఫ్యాక్టరీ ఉల్మ్ పక్క ఊళ్లో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషన్ దగ్గరే నిలబడటం, రాత్రికి రిపోర్టులు. షాపుకు పోయే వీలు శనివారమే. ఇక్కడ చదువుకుంటున్న నకిరేకల్ పిల్లగాడొకడు తెలిసినవాళ్ల ద్వారా పరిచయం. వాళ్లమ్మ పంపిన సకినాలు ఇవ్వడానికి ఫోన్ చేశా. ఆదివారం కలుద్దామా అంటే, "అన్నా, ఆదివారం ఇక్కడ దుకాణాలన్నీ బంద్. ఏం కొనాలన్నా శనివారమే కొనాలె" అన్నాడు. ఆ ముక్క ముందు చెప్పి మంచిపని చేశాడు. జర్మనీలో ఆదివారం షాపులు మూయడం చట్టం. స్టేషన్లలో, పెట్రోల్ బంకుల్లో ఉండేవి తప్ప.

శనివారం పొద్దున ముందు ఊరు చూశాం. 161 మీటర్ల పైన గోపురం ఉన్న చర్చి ఉంది, మెడ నొప్పెట్టేదాకా చూడాల్సిందే. ఐన్‌స్టీన్ 1879లో పుట్టింది ఈ ఊళ్లోనే. అమెరికాలో ఎడ్విన్ హాల్ తన పేరుమీది ఎఫెక్టు కనిపెట్టింది కూడా ఆ ఏడాదే. నాకు మాత్రం వీళ్లిద్దరికంటే బెర్‌బ్లింగర్ నచ్చాడు. ఈ ఊరి దర్జీ. రెక్కలు కుట్టుకుని, 1811లో జనమంతా చూస్తుండగా డాన్యూబ్ ఒడ్డున కట్టిన ఎత్తు మీద నుంచి ఎగరబోయి నేరుగా నదిలో పడ్డాడు. పడవల వాళ్లు పైకి తీశారు. ఊరు నవ్వింది, దర్జీ పని కూడా పోయింది. నది మీద గాలి చల్లగా ఉండి కిందికి దిగుతుంటుంది, ఆ చోట ఎవరికైనా కష్టమేనని తర్వాతివాళ్లు తేల్చారు. అంటే ఆయన రెక్కల్లో తప్పు లేకపోవచ్చు, ఎంచుకున్న చోటుదే తప్పు.

ఇక షాపు. పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూం, టీవీలు దాటి లోపలికి పోతే ఆటల సామాను. స్టీరింగులకు ఒక గోడ మొత్తం ఇచ్చారు, ఫ్లైట్ సామానుకు ఒక అరలో సగం. అయినా మనకు అదే ఎక్కువ. థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం స్టిక్ ఒకటి పెట్టెలోంచి తీసి, స్టీలు తాడు కట్టి చూడటానికి పెట్టారు. పక్కనే ఎయిర్‌బస్ నమూనా సైడ్‌స్టిక్, ఒక యోక్. పెడల్స్ పెట్టెలోనే ఉన్నాయి, పైన బొమ్మ.

యోక్ పట్టుకున్నా. వెనక్కి లాగితే మధ్యలో ఒకచోట పట్టేసి, ఇంకొంచెం లాగితే ఒక్కసారిగా వదిలింది. ఇది షాపులో ఎంతమంది పిల్లలు గుంజినదో మనకు తెలియదు కాబట్టి కంపెనీని అనలేం. కానీ ల్యాండింగ్‌లో కావాల్సింది వెంట్రుకంత కదలిక, అక్కడ పట్టేస్తే పనికిరాదు. యోక్ సంగతి అక్కడితో వదిలేశా.

స్టిక్ దగ్గర చాలాసేపు నిలబడ్డాం. నేను చూసినవి ఇవీ. బొటనవేలు పైన ఉన్న హ్యాట్ స్విచ్చుకు (అన్ని వైపులకూ జరిగే చిన్న బటన్) సులభంగా అందుతోందా? అందుతోంది. మణికట్టు విరవకుండా నాలుగు మూలలకూ పోతోందా? పోతోంది, కుడి వెనక మూలకు మాత్రం మోచెయ్యి కొంచెం లేపాలి. అంటే టేబుల్ మీద కాకుండా సీటు పక్కన, తొడ ఎత్తులో పెట్టుకోవాలి. ఈ సంగతి ఏ వీడియో చూసినా తెలిసేది కాదు. ఇంకో లాభం, అరచేతి కింది ముక్కలు మార్చుకుంటే ఇదే స్టిక్ ఎడమచేతికి కూడా పనికొస్తుంది. మేనకోడలు ఎడమచేతి వాటం. ఎయిర్‌బస్‌లో కెప్టెన్ కూర్చునేది ఎడమ సీటులో, ఆయన స్టిక్ పట్టుకునేది ఎడమచేత్తోనే. ఇన్నాళ్లూ ఎడమచెయ్యని అందరూ అంటూ వచ్చారు, ఇక్కడ అదే కలిసొచ్చింది.

లోపలి సంగతి నాకు ముందే తెలుసు. ముందుకు వెనక్కి, కుడి ఎడమల కదలికకు హాల్ సెన్సరే, ఒక్కోదానికి ఈ అంచు నుంచి ఆ అంచుకు 16,384 మెట్లు. కానీ మెలితిప్పే రడర్‌కు ఇందులోనూ పొటెన్షియోమీటరే. మనం పెడల్స్ పెట్టుకుంటాం కాబట్టి ఆ ఇరుసును లాక్ చేసేస్తాం. దానికోసమే మర కూడా ఉంది.

పెడల్స్ పెట్టె నేలమీద పెట్టి, జేబులోని టేపుతో కొలిచా. షాపు అమ్మాయి అటూ ఇటూ తిరుగుతూ చూస్తోంది. పెట్టె మీది బొమ్మ, కొలతలు చూస్తే రెండు పాదాల మధ్య జానెడు కూడా లేదు. మోకాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. పైగా తేలికైన ప్లాస్టిక్, మన గచ్చు మీద తోస్తే జారిపోతుంది. దానికి బరువు పెట్టాలంటే మళ్లీ ఇనుము కావాలి. ఇనుమే కావాలంటే దాన్ని ఉల్మ్ నుంచి 23 కిలోల పెట్టెలో మోసుకురావడమెందుకు? మా వీధి చివర వెల్డింగ్ షాపు ఉంది. ఇనుము, కొలత మనకు కుదిరినట్టు ఉండాల్సినవి ఊళ్లో చేయించుకోవడం, మనం చేయలేని సన్న పని మాత్రమే ఇక్కడి నుంచి పట్టుకుపోవడం అని అక్కడే నిర్ణయించుకున్నా.

స్టిక్, దానికి జతగా టీడబ్ల్యూసీఎస్ థ్రాటిల్, రెండూ కలిసిన పెట్టె తీసుకున్నా. థ్రాటిల్ పట్టాల మీద జరిగే రకం, 80 ఎంఎం దూరం పోతుంది. జంట ధర 150 యూరోల చిల్లర. యూరో అప్పుడు 90 రూపాయల పైన. బిల్లు కౌంటర్లో పాస్‌పోర్టు ఇచ్చి టాక్స్ ఫ్రీ అనగానే ఇంకో కౌంటర్‌కు పంపారు. ఫారంలో పేరు, పాస్‌పోర్టు నంబరు, ఇంటి అడ్రసు. అడ్రసులో మహబూబ్‌నగర్ స్పెల్లింగు రాయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

అదే వారం, హోటల్ గది

జాయ్‌స్టిక్ ఫ్యాట్. కంపెనీ లాప్‌టాప్‌లో యూఎస్‌బీ మూసేసి ఉంటుంది, ఐటీ వాళ్ల పుణ్యం. నకిరేకల్ తమ్ముడి లాప్‌టాప్ వాడుకున్నాం. విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల టెస్ట్ కిటికీ ఉంటుంది, దాంట్లో చిన్న ప్లస్ గుర్తు మన చేతితోపాటు కదులుతుంది.

మొదటి టెస్టు: స్టిక్‌ను ముందుకు తోసి వదలడం, తర్వాత వెనక్కి, కుడికి, ఎడమకు. నాలుగు వైపుల నుంచీ వచ్చి ప్లస్ ఒకేచోట నిలవాలి. నిలిచింది. రెండోది: మెల్లగా, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు. మధ్యలో గెంతకూడదు. మూడోది: అంచుల దాకా పోతోందా, మూలలు కట్ అవుతున్నాయా. నాలుగోది బటన్లు, ఒక్కొక్కటీ. స్టిక్ మీద, దాని అడుగున కలిపి 16. థ్రాటిల్ కూడా ఇట్లాగే. తమ్ముడు పక్కన కూర్చుని చీటీ మీద టిక్కులు పెట్టాడు. "అన్నా, మందుల మిషన్‌కు కూడా ఇంత చేయరు కదా" అన్నాడు. చేస్తాం, ఇంకా ఎక్కువే చేస్తాం.

ఫ్లైట్‌గేర్ ఉచితంగా దొరికే సిమ్యులేటర్, అది దించుకుని రాత్రి పొద్దుపోయేదాకా ఇద్దరం సెస్నా నడిపాం. అట్టపెట్టె విప్పి పలకగా మడిచేశా. స్టిక్ చొక్కాల మధ్య, థ్రాటిల్ స్వెట్టర్‌లో.

ఫ్రాంక్‌ఫర్ట్, శంషాబాద్

ఎయిర్‌పోర్టులో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి: సామాను పెద్ద పెట్టెలో ఉంటే, ఆ పెట్టె ఎయిర్‌లైన్‌కు అప్పగించకముందే కస్టమ్స్ దగ్గరికి పోవాలి. వస్తువు చూపించమంటే తీసి చూపించాలి. నన్ను అడిగారు, తీశా, చూశారు, ముద్ర పడింది. డబ్బు కార్డులోకి తర్వాత వచ్చింది. ఇక్కడ శంషాబాద్‌లో గ్రీన్ చానల్. ఎవరూ ఆపలేదు.

ఏప్రిల్

పెడల్స్. ముందు కాగితం మీద.

రడర్ పెడల్స్ వేరు, కారు పెడల్స్ వేరు. కుడికాలు ముందుకు తోస్తే ఎడమకాలు అంతే వెనక్కి రావాలి, రెండూ ఒకే అడ్డకడ్డీకి కట్టి ఉంటాయి. పాతకాలం విమానాల్లో ఒట్టి కడ్డీయే ఉండేది, మధ్యలో ఇరుసు, రెండు కొనలమీద రెండు పాదాలు. ఒట్టి కడ్డీతో చిక్కేమిటంటే అది తిరిగినప్పుడు పాదం కూడా వంకరపోతుంది. దాని వెనక ఇంకో కడ్డీ సమాంతరంగా పెట్టి, రెండింటి కొనలనూ పాదం పలకలకు వదులుగా తిరిగే బోల్టులతో కలిపితే పాదం ఎప్పుడూ ముందుకే చూస్తుంది. అట్లాగే గీశా.

వెల్డింగ్ అన్న గీత చూసి "సార్, ఇది గేటా, తొట్టెలా?" అన్నాడు. విమానానిదని చెప్తే నమ్మలేదు. పని మాత్రం చక్కగా చేశాడు. పైపులు అంగుళానివి, పాదం పెట్టే పలకలు 5 ఎంఎం. ఇరుసు మాత్రం వెల్డింగ్‌తో కుదరదు, లేతు షాపుకే పోవాలి. 6201 బేరింగులు రెండు, లోపలి రంధ్రం 12 ఎంఎం, ఏ బైకు స్పేర్ల షాపులోనైనా దొరికేవి. లేతు చాచా వాటికి గూడు తిప్పి ఇచ్చాడు. బేరింగు చేత్తో నొక్కితే దిగకూడదు, సుత్తితో కొట్టే అవసరమూ ఉండకూడదు. వైసులో పెట్టి నెమ్మదిగా బిగిస్తే దిగింది. ఇప్పుడు కడ్డీని వేలితో తోస్తే చప్పుడు లేకుండా తిరుగుతోంది, పైకీ కిందికీ ఆట లేదు.

కాళ్లు తీయగానే మధ్యకు రావడానికి స్ప్రింగులు కావాలి. మొదట బైకు సైడ్ స్టాండువి వేసి చూశాం. తొడలు పట్టేశాయి. సైకిల్ స్టాండు స్ప్రింగులు వేశాం, ఒక్కో వైపు ఒకటి, రెండూ మధ్యలో ఉన్నప్పుడు కూడా కొంచెం సాగి ఉండేటట్టు. అట్లా సాగి ఉంటేనే మధ్య అన్నది కాలికి తెలుస్తుంది. వదులుగా ఉంటే అక్కడ ఖాళీ వస్తుంది.

తూకం వేశాం, 9 కిలోలు దాటింది. అయినా గచ్చు మీద జారింది! వ్యాన్ సీటు రైలుకూ పెడల్స్ ఫ్రేముకూ మధ్య ఒక పట్టీ బిగించాం. ఇప్పుడు కాలు తోసే బలం సీటులోకే పోతుంది, రెండూ కలిసి కదిలితే కదలాలి. ఖర్చంతా కలిపి రెండున్నర వేల లోపే.

మే

ఎప్‌సెట్ అయిపోయింది, మేనకోడలు వచ్చింది. సెన్సర్ పని ఆమెది.

కోఠి గుజరాతీ గల్లీలో రెండు సరుకులు తెచ్చాం. ఒకటి ఏఎస్5600, గోరంత చిప్పు ఉన్న చిన్న బోర్డు, అయస్కాంతం ఏ కోణంలో తిరిగిందో చదువుతుంది. రెండోది ప్రో మైక్రో, మనం ప్రోగ్రాం రాసి ఎక్కించుకునే చిన్న ఆర్డుయినో రకం బోర్డు. మామూలు ఆర్డుయినో ఊనో కంప్యూటర్‌కు నేరుగా జాయ్‌స్టిక్కుగా కనిపించదు. ప్రో మైక్రోలోని 32యూ4 చిప్పు కనిపిస్తుంది, దానికి జాయ్‌స్టిక్ లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం, కూడా తయారుగా ఉంది.

అయస్కాంతం ఇరుసు కొన మీద కూర్చోవాలి. మామూలు గుండ్రటి అయస్కాంతం పనికిరాదు, పైన ఉత్తరం కింద దక్షిణం ఉంటుంది అది. దీనికి కావాల్సింది ఒకే బిళ్లలో సగం ఉత్తరం, సగం దక్షిణం ఉన్నది. దాన్ని నేరుగా స్టీలు బోల్టు నెత్తిన అంటిస్తే బోల్టే ఆ బలాన్ని లాగేసుకుంటుంది. చాచాతో ఇత్తడి టోపీ తిప్పించా. బోల్టు కొనకు ఎక్కేటట్టు ఒకవైపు రంధ్రం, రెండోవైపు అయస్కాంతం కూర్చునే చిన్న గుంట. ఇత్తడికి అయస్కాంతంతో పనిలేదు కాబట్టి మధ్యలో అడ్డుగోడ అయింది.

అయస్కాంతానికీ చిప్పుకీ మధ్య అర మిల్లీమీటరు నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చని చెబుతారు. గేజు కోసం వెతక్కుండా పాత ఏటీఎం కార్డులు తీశాం. ఒక్కో కార్డు మందం 0.76 ఎంఎం, ప్రపంచంలో ఏ బ్యాంకుదైనా అంతే. రెండు కార్డులు పెట్టి, బోర్డు వాటికి ఆనించి, మరలు బిగించి, కార్డులు లాగేశాం. ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ వచ్చింది.

తర్వాత ఆమె లెక్క. పెడల్స్ ఈ అంచు నుంచి ఆ అంచుకు తిరిగేది 40 డిగ్రీలే. చిప్పు పూర్తి చుట్టుకు 4,096 మెట్లు చదువుతుంది, కాబట్టి 40 డిగ్రీలకు 455. అదే చిప్పు నుంచి మామూలు అనలాగ్ వైరు తీసుకుంటే ప్రో మైక్రో చదివేది పూర్తి చుట్టుకు 1,024 మెట్లు, మనకు మిగిలేది 114. "455 చాలు మామా, 114 అయితే మెట్లు కాలికి తెలుస్తయ్" అంది. అందుకే చిప్పు చదివిన అంకెను నేరుగా పంపే రెండు వైర్ల ఐ2సీ పద్ధతిలోనే కలిపింది. వరుసగా కొన్ని రీడింగులు తీసుకుని సగటు కట్టే లైన్లు రాసింది. టెస్ట్ కిటికీలో గీత కదలకుండా నిలబడింది. పాత జాయ్‌స్టిక్ పక్కన పెట్టి చూస్తే దాని గీత ఇంకా ఊగుతూనే ఉంది.

జూన్

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020, సెస్నా 172. శంషాబాద్ నుంచి ఓర్వకల్లు. అది కర్నూలు ఎయిర్‌పోర్టు, 2021లో మొదలైంది. సూటిగా 170 కిలోమీటర్ల దూరం, సెస్నాకు 50 నిమిషాల చుట్టూ. మ్యాపు అక్కర్లేదు, 44వ నంబరు హైవే పట్టుకుని పోతే చాలు.

నాలుగు కిలోమీటర్లు దాటిన రన్‌వే, సెస్నాకు కావాల్సింది అందులో పదో వంతు. ఫుల్ థ్రాటిల్ ఇవ్వగానే ముక్కు ఎడమకు లాగుతుంది. ప్రొపెల్లర్ తోసిన గాలి విమానం చుట్టూ మెలికలు తిరుగుతూ పోయి తోకను ఒకపక్క నుంచి కొడుతుంది కాబట్టి. కుడికాలు కొంచెం తోయాలి. మెలితిప్పే స్టిక్‌తో ఇన్నాళ్లూ ఇది ఒక తిప్పలు, చెయ్యి రడర్ తిప్పబోతే రెక్కలు కూడా వంగేవి. ఇప్పుడు కాలు పని కాలిది. మధ్య గీత మీద నుంచే లేచింది.

షాద్‌నగర్, జడ్చర్ల. మా ఫ్యాక్టరీ షెడ్లు కనిపించాయి, ఉపగ్రహ చిత్రమే కాబట్టి. పశ్చిమానికి తిప్పి ఊరి మీద ఒక చుట్టు. పిల్లలమర్రి పైనుంచి మామూలు చెట్ల గుంపే, ఏడొందల ఏళ్ల మర్రి అని ఆ కంప్యూటర్‌కేం తెలుసు. దేవరకద్ర దగ్గర ఎయిర్‌పోర్టు ప్రతిపాదన ఉందిగా, ఆ భూములు కూడా చూశాం, పొలాలే. మలుపుల్లో విమానం పక్కకు జారడం చూపే, డ్యాష్‌బోర్డు మీది చిన్న గోళీ మధ్యలో నిలవాలి. గోళీ ఎటు జారితే ఆ కాలు. ఆమెకు ఇది నాకంటే తొందరగా పట్టుబడింది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక నేను లేచి సీటు ఇచ్చేశా. స్టిక్ ముక్కలు విప్పి ఎడమచేతికి మార్చుకుంది. ఓర్వకల్లులో దించింది కూడా తనే, పక్కగాలికి కొంచెం గెంతుతూ.

బాకీ ఉన్న పని: పాదం కొనతో నొక్కే బ్రేకులు, రెండు పాదాలకూ వేరువేరుగా. ఇంకో రెండు ఏఎస్5600లు కావాలి, కానీ ఈ చిప్పులన్నిటికీ ఐ2సీ అడ్రసు ఒకటే, మార్చడానికి లేదు. ఒకే వైరు మీద మూడు పెడితే ఏది మాట్లాడుతోందో తెలియదు. మధ్యలో టీసీఏ9548ఏ అనే మల్టీప్లెక్సర్ పెట్టాలి, అది ఒక్కోసారి ఒక్క చిప్పునే కలుపుతుంది. మళ్లీ కోఠి పోయినప్పుడు తేవాలి. చాచాకు ఇంకో రెండు ఇత్తడి టోపీలు చెప్పి వచ్చా. పెళ్లిళ్ల సీజన్ కదా, పని ఎక్కువుందట, వచ్చే వారం రమ్మన్నాడు.